ఫ్లాట్ కొనేముందు టవర్ చూడండి

కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఇప్పుడు 30, 40 అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. కొనడానికి వెళ్లినవాళ్లు ఎక్కువసేపు గడిపేది మోడల్ ఫ్లాట్‌లోనే. పూజగది ఈశాన్యంలో వచ్చిందా, వంటగట్టుకు ఏ రాయి వేశారు, బాత్రూమ్ ఫిట్టింగులు ఏ కంపెనీవి అని ఒక్కోటీ తరచి చూస్తారు. నచ్చకపోతే రేపు మార్చుకోగలిగినవి ఇవే. మార్చుకోలేనివన్నీ ఫ్లాట్ బయట ఉంటాయి: మెట్లు, లిఫ్టులు, కరెంటు షాఫ్ట్, సెల్లారు, సంపు, ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధిచేసే ప్లాంటు), ఇరుగుపొరుగు. ఈ పోస్టంతా వాటి గురించే. ఉదాహరణలు హైదరాబాద్ పడమటి వైపువే అయినా, విజయవాడలోనో విశాఖలోనో కొనేవాళ్లకు ఆఫీసుల పేర్లు తప్ప మిగతాదంతా పనికొస్తుంది.

ఎకరానికి ఎన్ని ఫ్లాట్లు?

సేల్స్ ఆఫీసులో రేటు కంటే ముందు అడగాల్సింది ఇది. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చు అనే లెక్కకు, పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తు కట్టొచ్చో తేలుతుంది. అందుకే అదే అయిదెకరాల్లో ఒకచోట మూడొందల ఫ్లాట్లు కనిపిస్తాయి, ఇంకోచోట ఎనిమిది వందలు దాటతాయి. ఒక లెక్క వేద్దాం. 5 ఎకరాలు, 4 టవర్లు, ఒక్కోటి 35 అంతస్తులు, అంతస్తుకు 6 ఫ్లాట్లు. మొత్తం 840. ఎకరానికి 168. ఎకరం 4,840 గజాలు కాబట్టి ఒక్కో ఫ్లాటుకు సగటున వచ్చే యూడీఎస్, అంటే భూమిలో అవిభాజ్య వాటా, 29 గజాల లోపే. రోడ్డు విస్తరణకు వదిలిన స్థలం పోతే ఇంకా తగ్గుతుంది. దస్తావేజులో రాసే గజాలు ఈ లెక్కతో సరిపోవాలి. భవనం పాతబడి కూల్చాల్సి వచ్చిన నాడు మీకు మిగిలే ఆస్తి ఆ గజాలే. ఈ 840 ఫ్లాట్ల లెక్కనే నీళ్లకు, లిఫ్టులకు, కార్పస్‌కు (పెద్ద ఖర్చుల కోసం కొన్నవాళ్ల దగ్గర ముందే వసూలు చేసే నిధి) కూడా వాడతాను.

రేటు చెప్పేది సేలబుల్ ఏరియా మీద. అందులో గోడలు, కారిడార్, లిఫ్ట్ లాబీ, క్లబ్‌హౌస్ వాటా అన్నీ కలిసి ఉంటాయి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో ఫ్లాటు లోపలి గదులు, వాటి మధ్య గోడలు మాత్రమే వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు రావు. 1,800 ఎస్ఎఫ్‌టీ అని అమ్మే త్రీ బెడ్‌రూమ్‌లో కార్పెట్ 1,250 ఉంటే, మీరు డబ్బు పెట్టిన దాంట్లో గదుల్లో వాడుకునేది 69 శాతం. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు మొత్తం ధరను కార్పెట్ ఏరియాతో భాగించి పోల్చండి. తక్కువ రేటు అనుకున్నది చాలాసార్లు ఎక్కువదని తేలుతుంది.

బ్రోచర్ ప్లానులో గీసిన మంచాల సైజును నమ్మొద్దు. క్వీన్ సైజు మంచం అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. కింగ్ సైజు అయితే వెడల్పు ఆరడుగులు. వార్డ్‌రోబ్ లోతు రెండడుగులు, దాని ముందు నిలబడి తలుపు తీయడానికి రెండున్నర. అంటే మంచం కాళ్లవైపు వార్డ్‌రోబ్ పెట్టాలంటే గది 11 అడుగులుండాలి. స్కేలు పెట్టి గీసి చూస్తే అయిదు నిమిషాల పని.

గుమ్మం తూర్పుకు, ఎండ హాల్లోకి

మన దగ్గర ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకు ఉందని అర్థం. సొంత స్థలంలో కట్టుకున్న ఇంటికి అది సరే. టవర్‌లో గుమ్మం తెరుచుకునేది కారిడార్‌లోకి. కారిడార్ తూర్పున ఉందంటే, ఫ్లాటు బయటి గోడ, హాలు కిటికీలు, బాల్కనీ చాలా ప్లానుల్లో పడమరకు వస్తాయి. తూర్పు ముఖం అని అదనంగా కట్టి కొన్న ఫ్లాట్‌లో పొద్దుటి ఎండ కారిడార్ దగ్గరే ఆగిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 2 నుంచి పొద్దు కుంకే దాకా సెగంతా హాల్లోకి వస్తుంది. వెస్ట్ ఫేసింగ్ అని చవగ్గా ఇచ్చే ఫ్లాట్‌కు తరచూ తూర్పు బాల్కనీ ఉంటుంది.

వాస్తు వదిలేయమని చెప్పడం లేదు. గుమ్మంతో పాటు బాల్కనీ ఏ దిక్కున ఉందో కూడా అడగమంటున్నాను. పడమర తప్పనప్పుడు మూడు సంగతులు చూడండి. బాల్కనీ లోతు కనీసం ఆరడుగులుందా, పడమటి గోడకు బాత్రూమ్‌లు, యుటిలిటీ, వార్డ్‌రోబ్‌లు పెట్టారా, కిటికీలపై సజ్జా ఉందా. హైరైజ్‌లలో ఇప్పుడు ఎక్కువగా మివాన్ పద్ధతి, అంటే అల్యూమినియం షటరింగ్‌తో గోడలు కూడా కాంక్రీటుతోనే పోస్తారు. సుమారు 160 మిల్లీమీటర్ల మందం ఉండే ఆ గోడ పగలంతా వేడిని పట్టి రాత్రి లోపలికి వదులుతుంది. తేలిక బ్లాకుల గోడకు ఈ బాధ తక్కువ.

పక్కన ఖాళీ స్థలం ఉంటే, అక్కడా ఒక టవర్ వస్తుందనుకునే లెక్క వేయండి. ఎఫ్ఎస్ఐ పరిమితి లేని ఊళ్లో, గండిపేట చెరువు కనిపిస్తుందని కట్టే వ్యూ ఛార్జీలకు ఏ హామీ లేదు.

మివాన్ గోడల గురించి ఇంకో మాట. గోడ పగలగొట్టి రెండు గదులు కలపడం, కొత్తగా గాడి కొట్టి స్విచ్‌బోర్డు పెట్టడం కుదరవు, ఎందుకంటే ఆ గోడలే భవనం బరువును మోస్తున్నాయి. ప్లగ్ పాయింట్లు, ఏసీ పైపుల రంధ్రాలు, వాటర్ ప్యూరిఫైయర్ లైను, డిష్‌వాషర్ డ్రెయిన్ ఎక్కడెక్కడ ఉన్నాయో ఎలక్ట్రికల్, ప్లంబింగ్ డ్రాయింగ్‌లు చూసి బుకింగ్ దశలోనే తేల్చుకోవాలి. బాత్రూమ్ పైపులు ఎటు పోతున్నాయో కూడా అడగండి. స్లాబును కిందికి దించి అందులోనే పైపులు వేస్తే, లీకయినప్పుడు మీ టైల్స్ తవ్వాలి. స్లాబు కింద వేలాడదీస్తే మీ పైపులు కింది ఫ్లాటువాళ్ల బాత్రూమ్ సీలింగ్‌లో ఉంటాయి. బాగుచేయడం సులువే గానీ, వాళ్లు తలుపు తీస్తేనే. ఈ రెండో పద్ధతి ఉన్నచోట లీకేజీ ఎవరు బాగుచేయించాలి, ఎన్ని రోజుల్లో అన్నది అసోసియేషన్ నియమావళిలో రాసి ఉండాలి. లేకపోతే రెండు కుటుంబాలు మాట్లాడుకోకుండా పోయే దాకా వెళ్తుంది.

మెట్లు దిగి చూడండి

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు వచ్చి ఆరుగురు, అదే ఏడాది నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో మంట చేరకముందే పొగ చేరుతుంది. కొత్త టవర్లలో పొగను ఆపడానికి చాలా ఏర్పాట్లు ఉంటాయి. వాటిలో కొన్ని, జనం కాపురాలు పెట్టాక పనిచేయకుండా పోతాయి. 35 అంతస్తుల దాకా నిచ్చెన వస్తుందని కూర్చోలేం. భవనమే మనల్ని బయట పడేయాలి.

కాబట్టి ఫ్లాటు చూసి లిఫ్ట్‌లో దిగకండి. ఆ అంతస్తు నుంచి నేల దాకా మెట్ల మీదుగా దిగండి. మోకాళ్ల నొప్పులుంటే కుర్రవాళ్లను పంపండి. అమెరికాలో ఉండి వీడియో కాల్‌లో చూసి కొనేవాళ్లు, వెళ్లిన బంధువును మోడల్ ఫ్లాట్ కాకుండా మెట్లు చూపించమని అడగండి. మెట్లకు ఫైర్ డోర్ ఉంటుంది, దాని మీద ఎన్ని నిమిషాలు మంటను ఆపగలదో తెలిపే చిన్న పలక ఉంటుంది. తలుపును పూర్తిగా తెరిచి వదిలేయండి. దానంతట అదే వచ్చి, గొళ్లెం పడేదాకా మూసుకోవాలి. బెత్తెడు దూరంలో ఆగిపోతే డోర్ క్లోజర్ పాడైనట్టే. ఆ తలుపుకు ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచడం అన్నిచోట్లా కనిపించే తప్పు, అన్నిటికంటే ప్రాణాంతకమైనదీ అదే. ఒక్క అంతస్తులో తలుపు తెరిచి ఉన్నా మెట్ల దారి మొత్తం పొగగొట్టం అవుతుంది. మెట్లలోకి గాలిని నెట్టే ఫ్యాన్లు టెర్రస్ మీద ఉంటాయి. అవి తెచ్చే ఒత్తిడి వల్ల పొగ లోపలికి రాదు. తలుపులు తెరిచి ఉంటే ఆ ఒత్తిడి నిలవదు. ఆ ఫ్యాన్లను ఒకసారి నడిపి చూపించమనండి. నడుస్తున్నప్పుడు తలుపు తోస్తే కొంచెం బరువుగా తగలాలి.

దిగే దారిలో ఏదో ఒక అంతస్తులో కరెంటు షాఫ్ట్ తలుపు తెరిపించండి. ఫోన్ లైటు వేసి కిందికి చూడండి. కేబుళ్ల సందుల్లోంచి కింది అంతస్తు కనిపిస్తే ఆ రంధ్రాన్ని మూయలేదన్నమాట. ప్రతి అంతస్తులో స్లాబు దగ్గర మంటను ఆపే పదార్థంతో దాన్ని మూసెయ్యాలి. మొదట మూసినా, తర్వాత ఇంటర్నెట్ కంపెనీలవాళ్లు కొత్త వైర్లు లాగడానికి తవ్వి అలాగే వదిలేస్తారు. సెల్లారు ప్యానెల్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే 20వ అంతస్తుకు పొగ చేరేది ఈ సందుల్లోంచే. మూయించడానికి అయ్యే ఖర్చు పెద్దదేం కాదు, అడిగేవాళ్లు ఉంటే చాలు.

ఫైర్ షాఫ్ట్‌లో గొట్టం, హైడ్రెంట్ వాల్వ్, నాజిల్ ఉండాలి. నాజిల్ ఇత్తడిది కాబట్టి దొంగతనాలు మామూలే. వాల్వుంది, గొట్టముంది, నాజిల్ లేదు అంటే నీళ్లను మంట మీదికి కొట్టలేరు. సీలింగ్‌లో స్ప్రింక్లర్ చూడండి. ఎర్రటి చిన్న గాజు బుడ్డి ఉంటుంది, సుమారు 68 డిగ్రీల వేడికి అది పగిలి నీళ్లు వస్తాయి. ఇంటీరియర్ పని చేసేవాళ్లు దాని మీద పెయింట్ కొడతారు, లేదా ఫాల్స్ సీలింగ్ పైకి పోయేలా కప్పేస్తారు. పెయింట్ పడితే సరైన వేడికి పగలదు. ఫాల్స్ సీలింగ్ పైన ఉండిపోతే గదిలో మంట లేచినా చాలాసేపు దానికి తెలియదు. మీ ఇంటి చెక్కపని మొదలుపెట్టే ముందు ఫైర్ పని తెలిసినవాళ్లతో స్ప్రింక్లర్‌ను కొత్త సీలింగ్ మట్టానికి దింపించుకోవాలి. పైపులో నీళ్లు తీసేసి ఈ పని చేస్తారు, అయిపోయాక వాల్వ్ మళ్లీ తెరిచారో లేదో దగ్గరుండి చూసుకోండి.

పంప్‌రూమ్‌లో అయిదు నిమిషాలు చాలు. మెయిన్ పంపు, డీజిల్ పంపు, లైనులో ఒత్తిడి తగ్గకుండా చూసే చిన్న జాకీ పంపు ఉంటాయి. ప్యానెల్ మీద స్విచ్‌లన్నీ ఆటోలో ఉండాలి. మాన్యువల్‌లోనో ఆఫ్‌లోనో ఉంటే, అవసరమైనప్పుడు మనిషి పరుగెత్తుకొచ్చి నొక్కేదాకా నీళ్లు రావు. ప్రెజర్ గేజ్ ముల్లు సున్నా మీద ఉండకూడదు. జాకీ పంపు మాటిమాటికీ మోగుతుంటే ఎక్కడో లైను లీకవుతోంది. ఆ చప్పుడు భరించలేకే దాన్ని ఆఫ్ చేస్తుంటారు. డీజిల్ పంపు బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా అడగండి. టెర్రస్ మీది హైడ్రెంట్ దగ్గర ఒత్తిడి కనీసం 3.5 బార్ ఉండాలి. చివరిసారి కొలిచిన రిపోర్టు అడగండి.

టవర్ చుట్టూ ఫైరింజన్ తిరిగే దారి 6 మీటర్ల వెడల్పు ఉండాలి. చాలా కమ్యూనిటీల్లో ఈ దారి సెల్లారు పైకప్పు మీదుగానే పోతుంది కాబట్టి ఆ స్లాబు 45 టన్నుల ఫైరింజన్‌ను మోసేలా కట్టాలి. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కాపురానికి అనుమతి) వచ్చాక ఆ దారిలో పూలకుండీలు, ఫౌంటెన్, విజిటర్ల కార్లు వెలుస్తాయి. ప్లానులో రెఫ్యూజ్ ఏరియా (మంటలప్పుడు జనం తలదాచుకునే చోటు) అని ఉన్న ఖాళీ ఏ అంతస్తులో ఉందో చూసుకుని అక్కడికి వెళ్లండి. తాళం వేసి పాత సామాన్లు పెట్టి ఉంటే, ఆ మెయింటెనెన్స్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

పిల్లలున్నవాళ్లు బాల్కనీ రెయిలింగ్ కొలవండి. నాలుగడుగుల ఎత్తుంటే నిశ్చింత. కడ్డీలు నిలువుగా, మధ్య సందు నాలుగంగుళాల లోపు ఉండాలి. అడ్డ కడ్డీలు వద్దు, పిల్లలు వాటి మీద కాలు పెట్టి ఎక్కేస్తారు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ను రెయిలింగ్ పక్కన నేల మీద పెడితే అదీ ఒక మెట్టే. గాజు రెయిలింగ్ అయితే మూలన టఫెన్డ్ గుర్తు చెక్కి ఉందా చూడండి.

లిఫ్టులు

టవర్‌కు 210 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు చొప్పున 840 మంది. లిఫ్టులు నాలుగు అంటే లిఫ్టుకు 52 ఫ్లాట్లు. వినడానికి బాగానే ఉంది. కానీ వాటిలో ఒకటి సర్వీస్ లిఫ్ట్. కొత్త కమ్యూనిటీలో మొదటి రెండేళ్లూ అది చెక్కపని ప్లైవుడ్ షీట్లు, టైల్స్ మోయడానికే సరిపోతుంది. ఇంకోటి రిపేరులో ఉన్న రోజున, పొద్దున స్కూలు బస్సుల వేళకు రెండు లిఫ్టులతో టవర్ మొత్తం దిగాలి. అప్పుడు లిఫ్టుకు 105 ఫ్లాట్లు. నా లెక్కలో, అన్నీ నడుస్తున్నప్పుడు లిఫ్టుకు 50 దాటకుండా, ఒకటి ఆగినా 70 దాటకుండా ఉంటే ఫర్వాలేదు. వేగం కూడా అడగండి. అంతస్తుకు 3 మీటర్ల చొప్పున 35 అంతస్తులు 105 మీటర్లు. సెకనుకు 1.75 మీటర్ల లిఫ్ట్ ఎక్కడా ఆగకుండా పోయినా నిమిషం పడుతుంది, 2.5 మీటర్లదైతే 42 సెకన్లు.

ఒక్క లిఫ్టయినా స్ట్రెచర్ పట్టేలా ఏడడుగులకు పైగా లోతుండాలి. అమ్మానాన్నలు మీతో ఉంటే ఇది తప్పనిసరి. కరెంటు పోయినప్పుడు దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ ప్రతి లిఫ్టుకూ ఉందా, జనరేటర్ మీద ఎన్ని లిఫ్టులు నడుస్తాయి అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండూ అడగండి.

నీళ్లు, సెల్లారు

మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. నాలుగు టవర్లలో కలిపి 3,360 మందికి రోజుకు 4.5 లక్షల లీటర్లు. అందులో ఫ్లష్‌కు మనిషికి 45 లీటర్లు ఎస్‌టీపీలో శుద్ధిచేసిన నీళ్లు వాడితే, మిగిలేది 3 లక్షలు. జలమండలి కనెక్షన్ ఉన్నంత మాత్రాన ఇదంతా వస్తుందని కాదు, రోజుకు ఎన్ని వేల లీటర్లు మంజూరయ్యాయో కాగితం చూడాలి. మొత్తం ట్యాంకర్ల మీదే ఆధారపడితే 10,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 30. తెల్లారి 6 నుంచి రాత్రి 9 దాకా అరగంటకొకటి గేట్లోకి రావాలి. ఇప్పటికే జనం ఉంటున్న ప్రాజెక్టయితే సెక్యూరిటీ దగ్గర ట్యాంకర్ల రిజిస్టర్ ఉంటుంది. ఏప్రిల్, మే పేజీలు తిప్పితే మార్కెటింగ్ వాళ్లు చెప్పనిదంతా అందులో ఉంటుంది.

20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఆ లేఖ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. రోజుకు ఎన్ని నీళ్లు కావాలి, ఎక్కడి నుంచి తెస్తారు, ఎస్‌టీపీ సామర్థ్యం ఎంత, పార్కింగ్ ఎన్ని, అన్నీ బిల్డరే రాసిచ్చి ఉంటారు. బ్రోచర్ కంటే పదిరెట్లు పనికొచ్చే కాగితం, చదివేవాళ్లే తక్కువ. ఎస్‌టీపీ దగ్గరికి వెళ్లి శుద్ధయిన నీటిని ఒక గాజు గ్లాసులో పట్టించండి. రంగు, వాసన ఉంటే బాత్రూమ్ ఫ్లష్‌లోనూ అదే వస్తుంది. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి గాలి పంపే బ్లోయర్లను రాత్రిళ్లు ఆపేయడమే దీనికి తరచూ కారణం. గాలి అందక నీటిని శుద్ధిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి రోజులు పడుతుంది.

2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. ట్రాన్స్‌ఫార్మర్, మెయిన్ ప్యానెల్, జనరేటర్ అట్టడుగు సెల్లార్‌లో ఉంటే, నీళ్లు చేరిన వెంటనే లిఫ్టులు, మోటార్లు, ఫైర్ పంపులు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ప్యానెల్ రూము నేల మట్టంలో ఉండడం మంచిది. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా ఒక మిట్ట, దాని వెనక అడ్డంగా జాలీ కాలువ, అడుగున నీళ్లు చేరగానే దానంతట అదే నడిచే పంపు ఉండాలి. గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూస్తే గోడల చెమ్మ కూడా తెలుస్తుంది. ఈ ప్రాంతమంతా రాతినేల. రాయి తొలిచి కట్టిన మూడు, నాలుగు అంతస్తుల సెల్లార్‌లో పగుళ్ల నుంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి.

చార్జింగ్ పెట్టే బండ్లకు విడి లైను, విడి ఎంసీబీ ఉండాలి. సెల్లార్‌లో ఎక్స్‌టెన్షన్ బోర్డులు వేలాడుతుంటే అది నిప్పు పుట్టే చోటే. స్కూటర్ బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి గుమ్మం పక్కన చార్జింగ్ పెట్టకండి, అంటుకుంటే మీరు బయటికి పోయే దారే మూసుకుపోతుంది.

కాగితాలు

చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంతకుమించి ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నవైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఇది అందరికీ తెలిసింది గానీ నిబంధన ముందు నుంచీ ఉంది. సర్వే నంబరు పట్టుకుని నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో చూసుకోండి. అనుమతి ఇచ్చేటప్పుడు అధికారులు నిర్మాణంలో 10 శాతం మార్ట్‌గేజ్ (తాకట్టు) చేయించుకుంటారు, ఓసీ వచ్చాక విడిపిస్తారు. మీ ఫ్లాటు నంబరు ఆ మార్ట్‌గేజ్‌లో ఉందా చూడాలి. రెరా నంబరు రాకముందే ప్రీలాంచ్ అని, యూడీఎస్ అని డబ్బు అడిగితే ఎంత చవకైనా అక్కడి నుంచి లేచి రండి. రెరా ప్రకారం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. ఆమోదించిన ప్లాను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. రెరా వెబ్‌సైట్‌లోని ప్లాను దించుకుని బ్రోచర్ పక్కన పెట్టి చూడండి. ముఖ్యంగా క్లబ్‌హౌస్ ఉమ్మడి ఆస్తిగా చూపించారా, బిల్డర్ పేరే ఉంచుకున్నారా అన్నది. నిర్మాణంలో ఉండగా కొంటే జీఎస్టీ 5 శాతం, ఓసీ వచ్చాక కొంటే లేదు.

ఎవరితో ఉండబోతున్నాం

సాయంత్రం 6 నుంచి 8 మధ్య వెళ్లండి. పిల్లలు పార్కులో ఆడుతున్నారా, కార్లు తిరిగే దారిలోనా? పెద్దవాళ్లు కూర్చోడానికి నీడ, వీపు ఆనే బెంచీ ఉన్నాయా? డెలివరీ బండ్లు ఏ దారిన వస్తున్నాయి? బతుకమ్మ, వినాయక చవితి ఎక్కడ చేస్తారు, చందా ఇష్టపూర్వకమా, బిల్లులో కలిపేస్తారా?

ఇంటిపని చేసేవాళ్లకు, డ్రైవర్లకు, సెక్యూరిటీ గార్డులకు బాత్రూమ్, తాగునీళ్లు, కూర్చునే చోటు ఉన్నాయేమో చూడండి. వేల గడపలున్న కాలనీ వాళ్ల చేతుల మీదే నడుస్తుంది. అంత పెద్ద క్లబ్‌హౌస్ కట్టి, పన్నెండు గంటలు నిలబడే గార్డుకు ఒక కుర్చీ వేయని చోట మిగతా విషయాల్లో న్యాయం జరుగుతుందని నేను నమ్మను. పనివాళ్లను మామూలు లిఫ్ట్ ఎక్కనివ్వం అనే నోటీసు కనిపిస్తే అది కూడా లెక్కలోకి తీసుకోండి.

అసోసియేషన్ వాళ్లను మూడు అడగండి: గత ఏడాది ఆడిట్ చేసిన లెక్కలు, మెయింటెనెన్స్ బకాయిలు ఎంత శాతం, చివరి ఫైర్ డ్రిల్ ఎప్పుడు. 1,800 ఎస్ఎఫ్‌టీకి 4 రూపాయల చొప్పున నెలకు 7,200. ఇది 7,500 దాటితే, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు మించినచోట 18 శాతం జీఎస్టీ పడుతుంది. కొత్త ప్రాజెక్టులో మొదట్లో తక్కువ చెబుతారు. అప్పటికి లిఫ్టులు, జనరేటర్లు అన్నీ వారంటీలో ఉంటాయి, ఏఎంసీలు (ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టులు) మొదలయ్యాకే అసలు ఖర్చు బయటపడుతుంది.

కార్పస్ ఫండ్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎస్ఎఫ్‌టీకి 60 రూపాయలు అనుకున్నా, 840 ఫ్లాట్ల మీద 9 కోట్లు దాటుతుంది. అది ఏ ఖాతాలో ఉంది, వడ్డీ ఎవరికి, ఏ తేదీకి అసోసియేషన్‌కు బదిలీ చేస్తారు అన్నది సేల్ అగ్రిమెంట్‌లోనే రాయించుకోవాలి. టవర్లను ఒక్కొక్కటిగా అప్పగించే చోట చివరి టవర్ అయ్యాక ఇస్తామంటారు. అంటే ముందు వచ్చినవాళ్లు లారీలు, దుమ్ము మధ్య ఉంటూ ఆ డబ్బు కోసం ఏళ్లు ఎదురుచూడాలి.

మెజారిటీ ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడాలని రెరా చెబుతోంది. ఓసీ వచ్చిన మూడు నెలల్లో ఉమ్మడి ఆస్తులను దానికి రాసివ్వాలి. అప్పగింత కాగితం మీద సంతకం పెట్టే ముందు అసోసియేషన్ సొంత ఖర్చుతో బయటి ఇంజనీర్లను పెట్టి ఫైర్, లిఫ్టులు, ఎస్‌టీపీ, కరెంటు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ తనిఖీ చేయించాలి. భవనాన్ని నిజంగా ఎలా కట్టారో చూపే (యాజ్-బిల్ట్) డ్రాయింగ్‌లు, పంపుల మాన్యువల్స్, వారంటీ కార్డులు, ఫైర్ ఎన్‌ఓసీ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అన్నీ అసోసియేషన్ చేతికి రావాలి. నిర్మాణ లోపాలను అప్పగించిన అయిదేళ్ల దాకా బిల్డర్ ఉచితంగా సరిచేయాలి, లిఖితపూర్వకంగా తెలిపిన 30 రోజుల్లో. అందుకే ప్రతి లోపాన్నీ ఫోటో, తేదీతో ఈమెయిల్‌లో పంపండి. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకోకండి.